నాలుగు మూలలా పసుపు

తెలుగు పెళ్లిలో చేత్తో రాసే కాగితం ఒకటి ఇప్పటికీ మిగిలే ఉంది. అదే లగ్నపత్రిక. నిశ్చితార్థం నాడు ఇరువైపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చున్నాక పురోహితుడు ఓ తెల్లకాగితం తీసుకుంటాడు. నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన శ్రీకారం చుట్టి, సంవత్సరం పేరు మొదలు లగ్నం దాకా, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కుమార్తె అంటూ వరసగా రాసుకుపోతాడు. రాసింది అందరూ వినేలా చదువుతాడు. తాంబూలంలో పెట్టి ఇచ్చిపుచ్చుకుంటారు. అందులో బొమ్మ ఉండదు, బంగారురంగు ఉండదు. మామూలు బాల్‌పెన్ను రాత. అయినా ఏళ్ల తరబడి బీరువాలో చీరల కింద దాచేది దాన్నే. వేలకు వేలు పోసి అచ్చువేయించిన శుభలేఖలు మిగిలినవి మాత్రం అటక మీదికి పోతాయి.

కాబట్టి శుభలేఖలు ఇంట్లో చేసుకోవడం ఏదో కొత్త సరదా అని పెద్దవాళ్లు మూతి ముడవనక్కర్లేదు. ఈమధ్య చాలా పెళ్లివారిళ్లలో పిన్నో, మేనత్తో, బాబాయో “కార్డులు మనమే చేద్దాం” అని ముందుకొస్తున్నారు. మంచిదే. కానీ వాళ్ల మొదటి అడుగు బేగంబజారుకో, బెజవాడ వన్‌టౌన్‌కో పడుతుంది. జరీ అంచులు, పూసలు, అద్దాలు, శాటిన్ రిబ్బను, రేకు వినాయకుడు. అవన్నీ అతికించాక మధ్యలో మిగిలిన జాగాలో అసలు విషయం ఏదో ఒక ఫాంటులో వచ్చి ఇరుక్కుంటుంది. శ్రమంతా అంచుల్లో కనబడుతుంది, పిలుపులో కనబడదు. నా పద్ధతి దీనికి తలకిందులు. శుభలేఖలో చేతిపని పడాల్సింది అక్షరం మీద, పిలిచే పేరు మీద. ఆ రెండూ కుదిరాక జరీ ఉన్నా సరే, లేకపోయినా సరే.

అచ్చు శుభలేఖలకీ ఒకప్పుడు ఈ చేతివాసన ఉండేది. ట్రెడిల్ మిషను రోజుల్లో కంపోజిటరు అరల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాడు. ఒత్తులూ గుణింతాలూ కలిసి తెలుగుకి ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అరలు కావాలి. కలశం, సన్నాయి, పల్లకి, చేయీ చేయీ పట్టుకున్న వధూవరులు, ఈ బొమ్మల బ్లాకులు ప్రెస్సులో ఉండేవి. ఊళ్లో ఎవరి పెళ్లికైనా అవే. పసుపు కాగితం, ఎర్ర సిరా. తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది. శివకాశి నుంచి బొమ్మలతో సహా తయారైపోయిన కార్డులు దిగాయి. మన ఊరి ప్రెస్సుకి లోపల పేర్లు అచ్చువేయడమే మిగిలింది. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల దుకాణాలు వీధి పొడుగునా ఉంటాయి. అక్కడ ఉర్దూ కార్డుల మీది రాత మొన్నమొన్నటి దాకా కాతిబ్‌ల చేతిదే. తెలుగుకి అలాంటి లేఖకుల వరస నిలవలేదు. ఆ లోటు నాకు బాగా తెలిసొచ్చింది మా మేనకోడలి పెళ్లికి కార్డులు చేయడానికి కూర్చున్నప్పుడే. కాగితం దొరికింది, రంగులు దొరికాయి. తెలుగు పేరుని అందంగా రాయడం ఎలాగో చెప్పేవాళ్లే దొరకలేదు.

ముందు ఎన్ని చేయాలో తేల్చుకోవాలి. శుభలేఖల లెక్క మనుషుల లెక్క కాదు, ఇళ్ల లెక్క. అన్నీ చేత్తో చేస్తామని కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. ఇంటికి వెళ్లి గుమ్మంలో బొట్టు పెట్టి పిలవాల్సిన వాళ్లు కొందరుంటారు. మేనమామలు, వియ్యాలవారు, ఆడపడుచులు, గురువులు, ఏళ్లనాటి ఇరుగుపొరుగు. చేతి కార్డు వాళ్లకి. ఆఫీసు వాళ్లకీ, దూరపు పరిచయాలకీ అచ్చు కార్డో, వాట్సాప్ బొమ్మో చాలు. అందులో చిన్నతనమేమీ లేదు. ఇంకో మాట: ఈ పని పెళ్లికూతురి తల్లిదండ్రుల నెత్తిన పెట్టకూడదు. వాళ్లకి కల్యాణమండపం, వంటవాళ్లు, అలిగే బావగార్లు చాలు. పక్కింట్లోనో పక్క ఊళ్లోనో ఉండే అత్తలు, బాబాయిలు, సెలవులకొచ్చిన పిల్లలు కలిసి చేసే పని ఇది.

ఇక విషయం. తెలుగు శుభలేఖకి ఒక చట్రం ఉంది. పైన “శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు”. ఇలవేల్పు పేరు. చాలామంది వేయించే సీతాకల్యాణ శ్లోకం, సీతమ్మ దోసిట్లోని ముత్యాలు రాముడి తల మీంచి జారుతూ రంగులు మారడాన్ని చెప్పేది. ఆ తర్వాత స్వస్తిశ్రీ చాంద్రమానంతో మొదలయ్యే పొడుగాటి వాక్యం. పేర్ల ముందు ముద్దుగా చి., చి.ల.సౌ. చివర “మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి”, “సకుటుంబ సపరివార సమేతంగా”. ఈ సంస్కృతమంతా ఎందుకని కొందరు పిల్లలు తీసేస్తారు. తీసేసి పెట్టేది కూడా ఎక్కడో చదివిన ఇంగ్లీషు కార్డుకి తెలుగు చేసినదే అయితే లాభమేముంది? నాకైతే ఆ పాత మాటలు కొన్ని ఉండాలనిపిస్తుంది. ఉత్తరం పైన “క్షేమం” ఎలాగో అవి అలాగ. వాటి పక్కనే ఒక్క వాక్యం మాత్రం మీ ఇంటి మాటలో ఉండనివ్వండి. “ముందు రోజే వచ్చి ఉండి పెళ్లికూతుర్ని చేసేటప్పుడు దగ్గరుండాలి” అని రాస్తే, చదివే పిన్నికి అది తనని ఉద్దేశించి రాసిందేనని తెలిసిపోతుంది.

ముహూర్తం దగ్గర మాత్రం కవిత్వం పనికిరాదు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా. శుక్రవారం రాత్రి 2 గంటల 14 నిమిషాల ముహూర్తమంటే పంచాంగానికి అది శుక్రవారమే. రైలు టికెట్టు తీయించుకునే వాళ్లకి శనివారం. అందుకే పాతవాళ్లు “శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం” అని విడమరిచి రాసేవారు. ఇప్పుడు ఆ “తెల్లవారితే” ఎగిరిపోయి, కింద ఇంగ్లీషు తేదీ ఒకటి, పైన వారం ఇంకొకటి కనబడుతున్నాయి. ఒక రోజు ఆలస్యంగా దిగే చుట్టాలు ప్రతి రాత్రి పెళ్లికీ ఉంటారు. వారం, తేదీ, రాత్రా పగలా, తెల్లవారితే ఏ వారం, ఈ నాలుగూ ఒకే వరసలో ఉండాలి. విందు ఎన్నింటికో వేరే వరసలో పెట్టాలి. సంవత్సరం పేరు కూడా సరిచూసుకోవాలి. 2025 ఉగాదితో విశ్వావసు వస్తే 2026 మార్చి 19తో పరాభవ వచ్చింది. ఫిబ్రవరి పెళ్లికీ ఏప్రిల్ పెళ్లికీ మధ్య పేరు మారిపోతుంది. పాత కార్డు చూసి దింపేసుకునే వాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

పేర్ల దగ్గరకొస్తే ఇంటి రాజకీయం మొదలవుతుంది. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తర్వాత, అల్లుళ్లందరి పేర్లూ వేయాలా, పిల్లల చేత “మా పిన్ని పెళ్లికి తప్పక రావాలి” అనిపించాలా. డిగ్రీలన్నీ వరసపెట్టి వేస్తే అది శుభలేఖో ఉద్యోగానికి అర్జీయో తెలియదు. వాటి మీద నేను వాదించను, ఎవరిష్టం వారిది. కానీ ఒక ఆనవాయితీని మాత్రం ఇంట్లో చేసుకునే కార్డులోనైనా వదిలిపెట్టాలి. భర్త పోయిన తల్లి తన బిడ్డ పెళ్లికి తన పేరుతో పిలవకూడదని, బాబాయి పిన్నిల పేర్లు ముందు పెట్టి, ఆవిడ పేరు అసలు కనబడకుండా చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లని పెంచి చదివించింది ఆవిడ. మొదటి వరసలో ఆవిడ పేరు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రెస్సువాడి నమూనా ఫైలులో “శ్రీమతి & శ్రీ” అని ముందే ఉంటుంది కాబట్టి అందరూ దాంట్లో ఒదిగిపోతారు. మన చేతిలో కాగితం ఉన్నప్పుడు ఆ ఇబ్బంది లేదు.

కాగితం సంగతి. చేతికాగితం మనకి కొత్తది కాదు. దౌలతాబాద్ పక్కనున్న కాగజీపురా శతాబ్దాలుగా చేతికాగితానికి పేరుపడ్డ ఊరు. 1956 దాకా ఆ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. మిల్లు కాగితం వచ్చాక కుదేలైన ఈ పనిని 1934లో గాంధీజీ పెట్టిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం, దాన్ని నడిపిన జె.సి. కుమారప్ప మళ్లీ లేవనెత్తారు. ఇప్పుడు జైపూర్ దగ్గరి సాంగనేర్ నుంచీ, 1959 నుంచి నడుస్తున్న పుదుచ్చేరి అరవిందాశ్రమం కాగితపు శాల నుంచీ మంచి షీట్లు వస్తాయి. బనియన్ల కార్ఖానాల్లో మిగిలిన నూలుగుడ్డ కత్తిరింపుల్ని నానబెట్టి, గుజ్జుగా దంచి, జల్లెడ చట్రంతో పలచగా ఎత్తి, నీళ్లు పిండి, ఆరబెట్టి చేస్తారు. నూలుపోగు పొడుగ్గా ఉంటుంది గనక ఈ కాగితం ఎన్నిసార్లు మడిచినా తొందరగా తెగదు. ఏళ్లు గడిచినా న్యూస్‌ప్రింటులా పచ్చబడి పెళుసెక్కదు.

కొనేముందు ఒక పరీక్ష ఉంది. మీరు రాయబోయే పెన్నుతోనే, మీ జాబితాలో ఉన్న పేర్లలో కష్టమైనదాన్ని రాసి చూడండి. రాజ్యలక్ష్మి అయితే మరీ మంచిది. ఒత్తుల దగ్గర సిరా వెంట్రుకల్లా పాకితే ఆ కాగితానికి గట్టిపూత లేదన్నమాట. తయారీలోనే రోజిన్, పటిక లాంటివో, గంజో కలిపి ఈ పూత పెడతారు. లేకపోతే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. బాగా పలచటి గంజి కాచి, వడగట్టి, వెడల్పాటి కుంచెతో ఒక్క పూత వేసి, ఆరీ ఆరకముందే బరువు కింద పెట్టాలి. పూర్తిగా ఎండనిస్తే అప్పడంలా వంకర తిరుగుతుంది. మందం 200 జీఎస్ఎం ప్రాంతంలో ఉంటే చేతిలో నిలబడుతుంది. అంతకంటే మరీ ఎక్కువైతే మడత దగ్గర పగులు కనబడుతుంది, ఇంటి ప్రింటర్లోకి అసలు పోదు.

లెక్క చెప్పుకుందాం. చేతికాగితం మామూలుగా 22×30 అంగుళాల షీటుగా దొరుకుతుంది. 5×7 కార్డుల్ని ఒకవైపు పెట్టి కోస్తే 16 వస్తాయి. తిప్పి పెడితే, అంటే 7 అంగుళాల వైపుని 22 మీద పేరిస్తే, 18. ఆరు షీట్లకి నూట ఎనిమిది. అష్టోత్తరం తెలిసిన వాళ్లింట్లో ఇంతకంటే శుభమైన లెక్క ఉండదు. మడత కార్డు కావాలంటే పన్నెండు షీట్లు పడతాయి. అంచులు కత్తెరతో కోయొద్దు. గీత వెంట తడికుంచె రెండుసార్లు నడిపి, నీళ్లు ఇంకాక స్టీలు స్కేలు ఆనించి మెల్లగా లాగితే, చేతికాగితం సహజపు అంచుకి దగ్గరగా పీచుపీచుగా వస్తుంది. మడతపెట్టే చోట రీఫిలు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట ఒక గాడి గీసి, ఆ తర్వాత మడిచి, చెంచా వెనకభాగంతో నొక్కాలి. మిల్లు కార్డుబోర్డు వాడేవాళ్లు ముందు కాగితాన్ని రెండువైపులా వంచి చూసుకోవాలి. ఎటు సులువుగా వంగితే అటే మడత పెట్టాలి. రెండోవైపు పెడితే పొర లేస్తుంది.

అక్షరాల దగ్గర తొందరపడకూడదు. తెలుగు వరస ఇంగ్లీషు వరసలాంటిది కాదు. అక్షరం నడుము ఒక అంతస్తు, పైన గుడి, ఏత్వం, తలకట్టుల అంతస్తు, కింద ఒత్తుల అంతస్తు. “లక్ష్మి”లో ఒత్తులు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. పై వరస ఒత్తులు కింది వరస గుళ్లకి తగిలితే కార్డంతా ముళ్లకంప. 12 పాయింట్ల ఇంగ్లీషుకి వరసల దూరం 15 పాయింట్లు చాలు, తెలుగుకి 18, 20 అయినా కావాలి. చేత్తో రాసేటప్పుడు పెన్సిలుతో నాలుగు గీతలు లేతగా గీసుకోవాలి. నడుముకి రెండు, పైన ఒకటి, కింద ఒకటి. కింది అంతస్తుకి నడుమంత ఎత్తు ఇవ్వండి, పైదానికి సగం చాలు. ఇంకో సంగతి, మన అక్షరాల్లో ఎక్కువ గుండ్రనివి. సన్నా మందం తేడా ఎక్కువ చూపే పలకమొన నిబ్బుతో మొదలుపెడితే చేయి తిరగదు. ఒకే మందంతో నడిచే పెన్నుతో సున్న చుట్టడం, అర్ధసున్న చుట్టడం, తలకట్టు పెట్టడం సాధన చేసి, తర్వాత నిబ్బు జోలికి పోవచ్చు. అలంకారం చేయాలని చేయి గులగులలాడితే “శ్రీ” ఒక్కటి చాలు. ఎడమ నుంచి చుట్టుకొచ్చే క్రావడిని కిందికి సాగదీసి, కుడివైపు దీర్ఘాన్ని పైకి తిప్పితే, కార్డు తలకట్టంతా అదే నింపుతుంది. మిగతా అక్షరాల్ని సాగదీయొద్దు. ప్రతి కొమ్ముకీ తీగ పెడితే చదవడానికి అద్దాలు మార్చుకోవాలి.

అంతా చేత్తో రాయలేం, సరే. విషయం అచ్చువేసి, పేరు చేత్తో రాయడమే ఎక్కువమందికి కుదిరేది. బాపు చేతిరాత ఫాంటుగా మారింది కదా, పెళ్లి కార్డులకి అందరి చేయీ దాని మీదికే పోతుంది. అందమైనదే, కానీ ఆ రాత చూడగానే అందరికీ బాపు గుర్తొస్తాడు, మీ ఇల్లు గుర్తురాదు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత తెలుగు ఫాంట్లున్నాయి. విషయానికి మండలి, మల్లన్న లాంటివి తేటగా కనబడతాయి. ధూర్జటి, పెద్దన పేర్లకి నప్పుతాయి. ఒక కార్డుకి రెండు ఫాంట్లు దాటొద్దు. కంప్యూటరు మరో చిక్కు పెడుతుంది. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లే. మీరు ఫోన్లో యూనికోడ్‌లో పంపింది అక్కడ మార్చాలి, లేదా మళ్లీ టైపు చేయాలి. పేర్లలో తప్పులు దూరేది ఆ సందులోంచే. బొమ్మల సాఫ్ట్‌వేర్లు కొన్ని దక్షిణాసియా లిపుల అమరిక ఎంచుకోకపోతే ఒత్తుల్ని విడగొట్టి పక్కపక్కన పడేస్తాయి. ఇంక్‌స్కేప్ ఉచితం, ఒత్తుల్ని సరిగ్గానే కలుపుతుంది. అంతా అయ్యాక అక్షరాల్ని గీతలుగా మార్చి పంపితే ఎవరి కంప్యూటర్లోనూ చెదరవు. ప్రూఫు మాత్రం తయారుచేసిన వాళ్లు దిద్దకూడదు. ఎదురుగా లగ్నపత్రిక పెట్టుకుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు వినాలి.

ఇంకుజెట్‌లో అచ్చువేస్తే ఒక గండం ఉంది. మామూలు రంగు సిరా తడి తగిలితే పాకుతుంది, పసుపు పెట్టేది తడిగానే. పిగ్మెంటు సిరా అయితే నిలుస్తుంది. లేజరు పొడి గరుకు కాగితం గుంటల్లో అంటదు. గరుకు కాగితానికి అచ్చంగా సరిపోయేది స్క్రీన్ ప్రింటింగ్. అది చూడ్డానికి కార్ఖానా పనిలా ఉంటుంది గానీ వంటింటి బల్ల మీద అయిపోతుంది. చెక్కచట్రానికి సన్నటి నైలాన్ గుడ్డ బిగించి, వెలుతురు తక్కువున్న గదిలో దాని మీద ఎమల్షన్ పలచగా పూసి, చీకట్లో ఆరబెడతారు. విషయాన్ని ట్రేసింగ్ పేపరు మీద చిక్కటి నలుపులో అచ్చు తీసి, ఆ గుడ్డకి ఆనించి, పైన అద్దం పెట్టి ఎండ చూపిస్తారు. వెలుగు తగిలినచోట పూత గట్టిపడుతుంది. నల్ల అక్షరాల నీడలో ఉన్నచోట మెత్తగానే ఉండి, నీళ్లతో కడిగితే పోతుంది. ఇప్పుడు అక్షరాలన్నీ కిటికీలు. సిరా పోసి, రబ్బరు అంచున్న స్క్వీజీని వాలుగా పట్టి ఒక్క లాగు లాగితే, కింద కార్డు మీద రంగు మందంగా, వేలికి తగిలేలా దిగుతుంది. కొన్ని ఎమల్షన్లలో కలిపే బైక్రోమేట్ విషం. చర్మానికి పడదు, ఊపిరితిత్తులకి పడదు. పిల్లల్ని దూరం పెట్టాలి, గ్లవ్స్ తప్పనిసరి, లేదా అది లేని డయాజో రకం తెచ్చుకోవాలి. బంగారురంగు మీద మోజుంటే శీర్షిక వరకే వాడండి. ఆ సిరాలో రేణువులు పెద్దవి, దానికి కన్నాలు పెద్దగా ఉన్న గుడ్డ కావాలి, అలాంటి గుడ్డలో చిన్న అక్షరాల ఒత్తులు నిలవవు. మెరూనో, ముదురు ఆకుపచ్చో విషయానికి హాయిగా ఉంటుంది.

బొమ్మ పెట్టాలా? దేవుడి బొమ్మ పెడితే పెళ్లయ్యాక కార్డు ఏం చేయాలో తెలియదు. చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావు. అందుకే అటకలన్నీ వినాయకులతో నిండిపోయి ఉంటాయి. ఆ ఇబ్బంది పెట్టకుండా మన దగ్గర బోలెడు సరుకుంది. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు అంచుకి సరిగ్గా కుదురుతుంది. బాసికం, మామిడాకుల తోరణం, అరటిబోదెలు ఉండనే ఉన్నాయి. నాకు అన్నింటికంటే నచ్చింది అడ్డుతెర. జీలకర్రా బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టుకునే ఆ తెరనే కార్డులో పెట్టొచ్చు. మడత కార్డు లోపల ఎడమన అమ్మాయి పేరు, కుడిన అబ్బాయి పేరు. నడుమ పలచటి కాగితం ఒకటి పై అంచుకి మాత్రమే అంటించి కిందికి వేలాడేస్తే అదే తెర. దాని మీద ముహూర్తం ఒక్కటే ఉంటుంది. తెర ఎత్తితే రెండు పేర్లూ ఒక వరసలోకి వస్తాయి. జిగురు వెంట్రుకంత చాలు. మైదా ఉడికించిన జిగురు వాడొచ్చు, కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. బైండింగు పనివాళ్లు ఎప్పటినుంచో చేసేదే.

చెక్క అచ్చులు దొరికితే అంచు పని ఇంకా తేలిక. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద చెక్కే అచ్చులున్నాయి. సన్నటి లతల అంచు ఒక్కటి ఉంటే చాలు. గుడ్డకి అలవాటైన అచ్చు కాగితం మీద సగంసగం పడుతుంది. కింద నాలుగు పొరల దుప్పటి పరిచి, అచ్చు వెనక అరచేత్తో కొట్టాలి. శ్రీకాళహస్తి వాళ్లు ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే నల్లటి కసిమి కాగితం మీదా బాగానే పారుతుంది గానీ, ఇనుప సిరా ఏళ్లమీద కాగితాన్ని తింటుంది. నల్లరంగు శుభలేఖకి పెద్దవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు.

ఆ నలుపు మీద పట్టింపుకి కారణముంది. చావు కబురు మోసుకొచ్చే పోస్టు కార్డుకి అంచున నల్లసిరా పూసేవారు. దాన్ని గడప బయటే చదివి చింపేసేవారు. మూలల్లో పసుపు కనబడితే చదువురాని వాళ్లకి కూడా అది ఏ కబురో దూరం నుంచే తెలిసేది. ఇప్పుడు కార్డుల దుకాణంలో ఆ మూలల పసుపునీ అచ్చువేసి ఇస్తున్నారు. నాకది ఒప్పదు. రంగేసిన బజారు పసుపూ వద్దు. పెళ్లిపనులు మొదలుపెట్టిన రోజు దంచిన పసుపులోంచి కాస్త తీసి, పలచటి గుడ్డలో జల్లించండి. పసుపు నీళ్లలో కరగదు, రేణువులుగా కాగితం మీద కూర్చుంటుంది. వట్టి నీళ్లతో పెడితే ఆరాక రాలి, కవరంతా పూస్తుంది. తుమ్మబంక కొంచెం నానబెట్టి, ఆ నీళ్లతో పెరుగంత చిక్కగా కలిపితే అంటుకుపోతుంది. ఉంగరం వేలితో మూలకొక్కటి, చిటికెడు కుంకుమ ఆ తడి మీదే. కుంకుమ తర్వాత పెడదామంటే నిలవదు. పూర్తిగా ఆరకుండా ఒకదాని మీద ఒకటి పెడితే కింది కార్డు అక్షరాల మీద పై కార్డు పసుపు అచ్చవుతుంది. ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు, ఎండకి పసుపు వెలిసిపోతుంది. ఫ్యాను కింద, నీడలో.

చివరి పని పేర్లు రాయడం, నా దృష్టిలో మొదటి పని అదే. కవరు మీద “శ్రీమతి & శ్రీ”, ఇంటిపేరు, గారు. ఇది అందరికీ రాసేదే. లోపల మాత్రం పిలిచే వరసతో రాయండి. “పెదనాన్నగారికి, దొడ్డమ్మకు”, “బావగారికి, వదినకు”. వేదపండితులకి బ్రహ్మశ్రీ, చిన్నవాళ్లకి చిరంజీవి. ఈ రాత ఇంట్లో అందంగా రాసేవాళ్ల చేతే అంతా రాయించాలన్న నియమమేమీ లేదు. తాతగారి స్నేహితుడి కార్డు మీద వణికే చేత్తో తాతగారే రాస్తే, అవతల ఆయన చూసేది వంకరలు కాదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే అన్నయ్య పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే వాళ్ల పేర్లు రెండు లిపుల్లో రాయండి. తెలుగులో తన పేరెలా ఉంటుందో ఆ పిల్ల మొదటిసారి చూసేది ఈ కార్డు మీదే కావచ్చు.

ఒకప్పుడు కవరు అంటించకుండా “బుక్ పోస్ట్” అని రాసి పంపితే తక్కువ బిళ్లతో వెళ్లిపోయేది. ఇప్పుడు టపాలో పంపేటట్లయితే పూసలూ లక్కముద్రలూ పెట్టకండి, ఎత్తుపల్లాలున్న కవరు దారిలో చిరుగుతుంది. తొలి శుభలేఖ ఇలవేల్పుకి. తిరుమలకి టపాలో పంపేవాళ్లు చాలామంది, దేవస్థానం నుంచి తిరుగుటపాలో అక్షతలూ కుంకుమా వస్తాయి. ఆ తర్వాత మేనమామ ఇల్లు. ఆ వరస తప్పితే మాటలు పడేది కార్డు చేసినవాళ్లు కాదు, పెళ్లికూతురి తల్లి.

పేరు రాయని కార్డులు పాతికైనా పక్కన ఉంచుకోవాలి. జాబితా ఎంత జాగ్రత్తగా రాసినా, పూలు కట్టే ఆవిడ, పాత ఇంటి ఎదురింటివాళ్లు, ఫోను నంబరు మారిన బాబాయిగారు ఆఖరి వారంలోనే గుర్తొస్తారు. పిలుపులకి బయల్దేరినప్పుడు ఆ ఖాళీ కార్డులూ, రాసే పెన్నూ, పసుపూ కుంకుమల భరిణెలూ ఒకే సంచిలో, కారులోనే ఉండాలి.